ఆఖరి నెల జీతం.. ఆజన్మాంతం పింఛను!
ఊళ్లో టీచరుకు ఒక లెక్క, ఆక్లాండ్‌లో టీచరుకు ఇంకో లెక్క

ఫ్లాట్ బుష్, ఆక్లాండ్: మన ఊళ్లో టీచరు రిటైరవుతున్నారంటే స్టాఫ్ రూములో మొదట వచ్చే ప్రశ్న ‘బేసిక్ ఎంతకు వచ్చింది?’ అని. నేను పనిచేసే ఆక్లాండ్ బడిలో ఎవరైనా రిటైరవుతుంటే ‘కివీసేవర్‌లో ఎంత ఉంది?’ అని అడుగుతారు, అదీ బాగా దగ్గరివాళ్లయితేనే. వృత్తి ఒక్కటే. చాక్‌పీస్ పోయి వైట్‌బోర్డ్ మార్కర్ వచ్చింది, అంతే. కానీ ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాక చేతికొచ్చే పింఛను లెక్క మాత్రం ఒక దేశానికీ ఇంకో దేశానికీ, ఒకే ఇంట్లో అమ్మకూ చెల్లికీ కూడా పొంతన లేకుండా ఉంది.

ఆ తేడా మా ఇంట్లోనే కనిపిస్తుంది. మా అమ్మ ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌గా 2017లో రిటైరైంది, పాత పింఛను. మా పెదనాన్నగారి అమ్మాయి డీఎస్సీ-2008లో ఎంపికైన ఎస్జీటీ, సీపీఎస్. నేను ఇక్కడ ప్రైమరీ టీచరును, కివీసేవర్. మా బడికి రిలీవర్‌గా వచ్చే ఒక పెద్దావిడ 1980ల్లో ఈ దేశపు పాత ప్రభుత్వ పింఛను నిధిలో చేరినవారు. మా నలుగురిలో ఆఖరి జీతం మీద పింఛను ఆధారపడేది ఇద్దరికే. ఆర్మిస్టన్ టౌన్ సెంటర్‌లో కాఫీ తాగుతూనో, బారీ కర్టిస్ పార్కులో అమ్మలను నడిపిస్తూనో మనవాళ్లు కలిసినప్పుడు ఈ మాట ఎన్నోసార్లు వచ్చింది. అందుకే ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను.

అమ్మ లెక్క: సగం బేసిక్

ఆంధ్రప్రదేశ్ సవరించిన పింఛను నిబంధనలు, 1980 ప్రకారం పాత విధానంలో సూత్రం సులువు. పూర్తి పింఛనుకు 33 ఏళ్ల అర్హత సర్వీసు, అంటే 66 అర్ధ సంవత్సరాలు కావాలి. అంత సర్వీసు ఉంటే ఆఖరి మూలవేతనంలో సగం పింఛను. తగ్గితే ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. తెలంగాణలోనూ పునాది ఇదే నిబంధన.

ఉదాహరణకు ఆఖరి బేసిక్ 80,000 రూపాయలు అనుకుందాం. 33 ఏళ్ల సర్వీసు ఉంటే పింఛను 40,000. అదే 24 ఏళ్లే ఉంటే 80,000ను 48తో గుణించి 132తో భాగించాలి. సుమారు 29,090 వస్తుంది. వెయిటేజీ కలిసేవారికి ఈ అంకె కొంత పెరుగుతుంది. దీని మీద డీఆర్ అదనం. కమ్యుటేషన్ కింద పింఛనులో 40 శాతం వరకు ముందే ఏకమొత్తంగా తీసుకోవచ్చు. అలా తీసుకున్నవారికి నెలనెలా వచ్చేది 24,000కు తగ్గినా, డీఆర్ మాత్రం పూర్తి 40,000 మీదే కడతారు. అమ్ముకున్న భాగం 15 ఏళ్ల తర్వాత తిరిగి కలుస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ముప్పై మూడేళ్లలో మొదటి ముప్పై రెండేళ్ల జీతం ఎంత అన్నది ఈ సూత్రంలో ఎక్కడా లేదు. ఆఖరి బేసిక్ ఒక్కటే ఉంది. అందుకే మన టీచర్లు ఇంక్రిమెంట్ తేదీని, పదోన్నతిని, ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేలును, పీఆర్సీ అమలు తేదీని అంత పట్టుగా చూస్తారు. బయటివాళ్లకు అది చాదస్తంగా కనిపించవచ్చు. రిటైర్మెంట్‌కు ముందు బేసిక్ 2,000 పెరిగితే పింఛను నెలకు 1,000 పెరుగుతుంది, దాని మీద డీఆర్ పెరుగుతుంది, గ్రాట్యుటీ పెరుగుతుంది, తర్వాత భార్యకో భర్తకో వచ్చే కుటుంబ పింఛనూ పెరుగుతుంది. ఒక్క ఇంక్రిమెంట్ రెండు జీవితాల పాటు నడుస్తుంది.

ఆ ఒక్క ఇంక్రిమెంట్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాళ్లున్నారు. ఏడాదంతా పనిచేసి, ఇంక్రిమెంట్ రావాల్సిన రోజుకు ముందురోజే రిటైరైన ఉద్యోగులకు ఆ ఇంక్రిమెంట్ ఇవ్వాల్సిందేనని 2023 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు కర్ణాటక విద్యుత్ ప్రసార సంస్థ కేసులో తీర్పు చెప్పింది. ఒక్క రోజు తేడా ఎంత విలువైనదో దీన్నిబట్టే తెలుస్తుంది.

రిటైర్మెంట్ వయసు కూడా ఈ లెక్కలో భాగమే. ఆంధ్రప్రదేశ్‌లో అది 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరి నుంచి 62కు పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. వయసు పెరిగితే సర్వీసుతో పాటు ఆఖరి బేసిక్‌కు మరికొన్ని ఇంక్రిమెంట్లు కలుస్తాయి. 2021లో తెలంగాణ 30 శాతం, 2022లో ఆంధ్రప్రదేశ్ 23 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చాయి. అమ్మలాగా ముందే రిటైరైనవారికి పీఆర్సీ వచ్చినప్పుడు పింఛనునూ సవరిస్తారు. కానీ పునాది మాత్రం ఆ ఆఖరి బేసిక్కే.

చెల్లి లెక్క: ఆఖరి జీతం లేదు, ఖాతా ఉంది

2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవారికి ఉమ్మడి రాష్ట్రంలో కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్ వచ్చింది. బేసిక్, డీఏ కలిపి 10 శాతం టీచరు కడతారు, ప్రభుత్వం 10 శాతం కలుపుతుంది. రిటైరైనప్పుడు నిధిలో 60 శాతం దాకా చేతికి తీసుకోవచ్చు. కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. దాని నుంచి నెలనెలా వచ్చేదే పింఛను. అది మార్కెట్టు మీద, ఆనాటి యాన్యుటీ రేటు మీద ఆధారపడుతుంది. డీఆర్ ఉండదు.

డీఎస్సీ-2003 టీచర్ల బాధ ఇక్కడే మొదలైంది. నోటిఫికేషన్ 2004 సెప్టెంబరుకు ముందు వచ్చింది, ఉద్యోగంలో చేరింది తర్వాత. చేరిన తేదీ చూసి వారిని సీపీఎస్‌లో వేశారు. తమను పాత పింఛనులోకి మార్చాలని వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఇలాంటి స్థితిలో ఉన్న కేంద్ర ఉద్యోగులకు, అంటే 2003 డిసెంబరు 22కు ముందు నోటిఫై అయిన పోస్టుల్లో చేరినవారికి, పాత పింఛను ఎంచుకునే అవకాశాన్ని కేంద్రం 2023 మార్చిలో ఒకసారి ఇచ్చింది. మన టీచర్ల వాదనకు అది బలం చేకూర్చింది.

మా చెల్లి ఆమధ్య ఫోన్‌లో అడిగింది: “అక్కా, నాకు ఆఖర్లో ప్రమోషన్ వస్తే పింఛను ఏమైనా పెరుగుతుందా?” కాగితం మీద వేసి చూశాను. రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందు బేసిక్ 4,000 రూపాయలు పెరిగిందనుకుందాం. డీఏ పక్కన పెడదాం.

పాత పింఛనులో: నెలకు 2,000 రూపాయలు ఎక్కువ, బతికినంత కాలం. పైగా డీఆర్.

సీపీఎస్‌లో: ఆ 4,000 మీద ఇద్దరి వాటా కలిపి నెలకు 800. ఇరవై నాలుగు నెలలకు 19,200. అందులో 40 శాతం 7,680 రూపాయలు. యాన్యుటీ ఆరు శాతం ఇస్తుందనుకుంటే ఏడాదికి 461 రూపాయలు. అంటే నెలకు 38 రూపాయలు. మిగిలిన 11,520 ఏకమొత్తంగా చేతికొస్తుంది.

అదే ప్రమోషన్, అదే హెడ్మాస్టర్ కుర్చీ. అమ్మకైతే రెండు వేలు, చెల్లికి ముప్పై ఎనిమిది రూపాయలు. సీపీఎస్ రద్దు కోసం టీచర్ల సంఘాలు ఎందుకు అంతలా రోడ్డెక్కుతాయో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

సీపీఎస్‌లో బలం మొదటి ఏళ్లది. ఇరవై ఏడేళ్లప్పుడు వేసిన రూపాయి ముప్పై ఏళ్లు పెరుగుతుంది, అరవై ఏళ్లప్పుడు వేసింది పెరగడానికి టైమే ఉండదు. పాత పింఛనులో ఆఖరి ఏడాది రాజు. కొత్త దాంట్లో మొదటి పదేళ్లు రాజు.

ప్రభుత్వాలూ ఈ తేడాను గుర్తించకపోలేదు. ఆఖరి బేసిక్‌లో 50 శాతానికి హామీ ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 2023 సెప్టెంబరులో గ్యారంటీడ్ పెన్షన్ సిస్టమ్ బిల్లును ఆమోదించింది. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది, సంఘాలు మాత్రం పాత పింఛనే కావాలంటున్నాయి. కేంద్రం తన ఉద్యోగులకు 2025 ఏప్రిల్ 1 నుంచి యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్ తెచ్చింది. 25 ఏళ్ల సర్వీసు ఉంటే ఆఖరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం ఇస్తారు. రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్ పాత పింఛనుకే తిరిగి వెళ్లాయి. ఇరవై ఏళ్ల కిందట పక్కన పెట్టిన ‘ఆఖరి జీతం’ అనే మాట మళ్లీ నిబంధనల్లోకి వస్తోంది.

ఇక్కడి పాత కథ: 1905 నుంచి 1992 దాకా

న్యూజిలాండ్‌లో టీచర్లకు ఆఖరి జీతపు పింఛను లేదనుకుంటే పొరపాటు. 1905లోనే టీచర్ల కోసం ప్రత్యేక పింఛను చట్టం చేశారు. 1948లో టీచర్లు, రైల్వే ఉద్యోగులు, ఇతర ప్రభుత్వోద్యోగుల నిధులన్నీ కలిసి గవర్నమెంట్ సూపర్యాన్యుయేషన్ ఫండ్ అయింది. అందులో పింఛనుకు ఆఖరి ఐదేళ్ల సగటు జీతం ఆధారం. మన దగ్గర ఆఖరి నెల, ఇక్కడ ఆఖరి ఐదేళ్లు. ఆఖరి రెండేళ్లు డిప్యూటీ ప్రిన్సిపల్‌గా చేసి జీతం 5,000 డాలర్లు పెరిగితే, సగటులో పెరిగేది 2,000 డాలర్లే. రిటైర్మెంట్ ముందు వచ్చిన హోదాకు పూర్తి ఫలం దక్కదు, అలాగని వృథా కాదు.

ఆ నిధిని 1992 జూలై 1 నుంచి కొత్తవారికి మూసేశారు. మన సీపీఎస్ కంటే పన్నెండేళ్ల ముందే ఇక్కడ ఆ తలుపు పడిపోయింది. మా రిలీవర్ పెద్దావిడ ఆ తలుపు మూయకముందు లోపలికి వచ్చినవారు. మా అమ్మ, ఆమె మొదటిసారి కలిసినప్పుడు ఒకరికొకరి ఇంగ్లిష్ యాస సరిగా అర్థం కాలేదు. పింఛను మాట వచ్చేసరికి ఇద్దరికీ అన్నీ అర్థమైపోయాయి.

నా లెక్క: అందరికీ ఒకటే

ఇప్పుడు ఇక్కడ పనిచేసే టీచరుకు వృద్ధాప్యంలో రెండు ఆధారాలు. ఒకటి న్యూజిలాండ్ సూపర్. 65 ఏళ్లు నిండితే ప్రభుత్వం ఇచ్చే పింఛను ఇది. ప్రిన్సిపల్‌గా చేసినా, బడి ఊడ్చినా, ఇంట్లోనే ఉన్నా ఒకటే మొత్తం. ఆఖరి జీతం ఎవరూ అడగరు. 2025 ఏప్రిల్ రేటు ప్రకారం ఒంటరిగా ఉండేవారికి పన్ను పోను రెండు వారాలకు 1,076.84 డాలర్లు. దంపతులిద్దరూ అర్హులైతే ఒక్కొక్కరికి 828.34 డాలర్లు.

రెండోది కివీసేవర్, 2007 జూలై 1న మొదలైంది. ఇది మన సీపీఎస్‌కు దగ్గరి చుట్టం. చాలాకాలం ఉద్యోగి 3 శాతం, యజమాని 3 శాతం కనీస వాటాగా ఉంది. ఈ కనీసాన్ని 2026 ఏప్రిల్ 1 నుంచి 3.5, 2028 ఏప్రిల్ 1 నుంచి 4 శాతంగా నిర్ణయించారు. ప్రభుత్వం ఏటా ఇచ్చే వాటా 2025లో సగానికి తగ్గి గరిష్ఠంగా 260.72 డాలర్లయింది. 2024 డిసెంబరు నాటికి ప్రైమరీ టీచరు స్కేలు పై మెట్టు 1,03,086 డాలర్లు. దాని మీద 3 శాతం అంటే ఏడాదికి సుమారు 3,093. యజమాని వాటా కూడా అంతే, కాకపోతే దాని మీద పన్ను పోతుంది. సీపీఎస్‌లా యాన్యుటీ కొనాల్సిన పని లేదు, 65 ఏళ్లకు మొత్తం తీసుకోవచ్చు. అయిపోతే ఎవరూ మళ్లీ నింపరు.

పాత టీచర్ల సంగతి చెప్పుకున్నాం కాబట్టి ఒక చరిత్ర కూడా గుర్తుంచుకోవాలి. ఈ దేశం 1898లోనే వృద్ధాప్య పింఛను చట్టం చేసి ప్రపంచంలో పేరు తెచ్చుకుంది. అందులో చైనీయులకు, ఇతర ఆసియావాసులకు పింఛను లేదని స్పష్టంగా రాశారు, ఇక్కడి పౌరసత్వం పొందినా సరే. ఆ ఆంక్ష 1936 దాకా పోలేదు. నేడు మనకు పింఛను వస్తుందా రాదా అన్నది జాతిని బట్టి కాదు, ఇక్కడ గడిపిన ఏళ్లను బట్టి తేలుతుంది.

ఆ ఏళ్ల లెక్క మారింది

ఫ్లాట్ బుష్‌లో మనవాళ్లు ఎక్కువమంది తడబడేది ఇక్కడే. సూపర్‌కు 20 ఏళ్ల వయసు దాటాక కనీసం 10 ఏళ్లు ఇక్కడ నివసించి ఉండాలని పాత నిబంధన. 2021లో చట్టం మారింది, 2024 జూలై నుంచి మెల్లగా పెరుగుతోంది. 1959 జూన్ 30 లోపు పుట్టినవారికి 10 ఏళ్లే. 1959 జూలై నుంచి 1961 జూన్ మధ్య పుట్టినవారికి 11. అలా ప్రతి రెండేళ్లకూ ఒక ఏడాది పెరుగుతూ, 1977 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి 20 ఏళ్లు కావాలి. దీంతో పాటు 50 ఏళ్లు దాటాక కనీసం అయిదేళ్లు ఇక్కడ ఉండాలన్న నిబంధన అలాగే ఉంది.

అంటే 1980లో పుట్టి నలభై ఎనిమిదేళ్లకు ఇక్కడికి వచ్చే టీచరుకు 65 నిండేసరికి 17 ఏళ్లే అవుతాయి. సూపర్ కోసం 68 దాకా ఆగాలి. కొన్ని దేశాలతో న్యూజిలాండ్‌కు సామాజిక భద్రతా ఒప్పందాలున్నాయి. ఆస్ట్రేలియా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, నెదర్లాండ్స్, దక్షిణ కొరియా వాటిలో ఉన్నాయి. అక్కడ ఉన్న ఏళ్లు ఇక్కడి లెక్కకు పనికొస్తాయి. ఆ జాబితాలో భారత్ లేదు. మన ఊళ్లో చేసిన సర్వీసు సూపర్ అర్హతకు ఒక్క రోజూ కలవదు.

అమ్మను తెచ్చుకోవడానికి అమ్మ పింఛను చాలుతుందా?

2025 సెప్టెంబరు 29న మొదలైన పేరెంట్ బూస్ట్ వీసాతో ఈ ప్రశ్న మా ఇంట్లోకి నేరుగా వచ్చింది. తల్లిదండ్రులు అయిదేళ్ల పాటు వచ్చి పోవడానికి వీలున్న వీసా ఇది. ఆర్థిక అర్హతకు మూడు దారులు: పిల్లల ఆదాయం నిర్ణీత స్థాయిలో ఉండాలి, లేదా తల్లిదండ్రులకే సొంత ఆదాయం ఉండాలి, లేదా వారి దగ్గర నిధులుండాలి. 2025లో వీసా మొదలైనప్పుడు సొంత ఆదాయం దారిలో ఒక్కరికి ఏడాదికి 32,611.28 డాలర్లు, దంపతులకు 49,754.12 డాలర్లు చూపాల్సి ఉండేది. నిధుల దారిలో ఒక్కరికి 1,60,000, దంపతులకు 2,50,000 డాలర్లు.

ఆ మొదటి అంకె ఎక్కడిదో చూస్తే, 2025 ఏప్రిల్ రేటు ప్రకారం ఒంటరిగా ఉండేవారికి పన్నుకు ముందు వచ్చే న్యూజిలాండ్ సూపర్ మొత్తమే అది. డాలరుకు 50 రూపాయల లెక్కన ఏడాదికి 16.3 లక్షలు, నెలకు సుమారు 1,35,900. ముప్పై మూడేళ్ల సర్వీసు, పూర్తి పింఛను, పీఆర్సీ సవరణ, డీఆర్ అన్నీ కలిపినా అమ్మకు వచ్చేది 60 వేల లోపే. ప్రకాశం జిల్లాలో ఆ డబ్బుతో ఆమె ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతోంది, ఇంటిపనికి వచ్చే అమ్మాయి కూతురికి ఫీజు కడుతోంది. ఇక్కడి వీసా ఫారంలో ఆమె ఆదాయం సగానికి కూడా రాదు. మేము నా జీతం దారిలో వెళ్లాం. స్పాన్సర్ పేరు చోట నా పేరు చూసి, “ఇన్నాళ్లూ నీ ఫారాలన్నిటి మీద గార్డియన్‌గా నేను సంతకం పెట్టాను, ఇప్పుడు నువ్వు పెట్టు” అంది.

ఈ వీసాపై వచ్చేవారికి సూపర్ ఉండదు. కనీసం 2,50,000 డాలర్ల అత్యవసర వైద్య ఖర్చులు భరించే బీమా తప్పనిసరి. పింఛను లెక్కలో ఈ బీమా ప్రీమియాన్ని ముందే వేసుకోవాలి.

రావాలనుకునే టీచర్లు చూసుకోవాల్సినవి

2025లో ప్రైమరీ టీచర్లను గ్రీన్ లిస్టులో నేరుగా రెసిడెన్సీ దారిలోకి మార్చాక మన దగ్గర్నుంచి అడిగేవారు పెరిగారు. మా చెల్లీ అడిగింది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

పాత పింఛనులో ఉన్నవారు రాజీనామా అనే మాట కాగితం మీద పెట్టకూడదు. రాజీనామాతో గత సర్వీసంతా పోతుంది. 20 ఏళ్ల అర్హత సర్వీసు పూర్తయితే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవచ్చు, పింఛను నిలుస్తుంది. 19 ఏళ్ల సర్వీసు ఉన్నవారికి ఆ ఒక్క ఏడాది విలువ జీవితాంతపు పింఛను.

సీపీఎస్‌లో ఉన్నవారు మధ్యలో మానేస్తే లెక్క తిరగబడుతుంది. నిధిలో 20 శాతమే చేతికొస్తుంది, 80 శాతం యాన్యుటీకి పోతుంది. ఆ డబ్బుతో ఇక్కడ ఇల్లు కొంటామని అనుకోవద్దు.

బయల్దేరే ముందు సర్వీసు రిజిస్టరు మొత్తం కాపీ తీసుకోండి. ఇంక్రిమెంట్లు, పే ఫిక్సేషన్, సెలవులు, బదిలీలు అన్నీ నమోదయ్యాయో లేదో ఒక్కో పేజీ చూడండి. ఆఖరి బేసిక్ ఎంతన్నది ఆ పుస్తకమే చెప్పాలి. పన్నెండు వేల కిలోమీటర్ల అవతలి నుంచి ఒక ఎంట్రీ సరిచేయించుకోవడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుసు.

ఇక్కడ రెసిడెన్సీ ఉండి, ఊరి నుంచి పింఛను వచ్చే పెద్దలకు రెండు మాటలు. కొత్తగా వచ్చినవారిలో అర్హులకు ట్రాన్సిషనల్ రెసిడెంట్ కింద విదేశీ పింఛను వంటి ఆదాయంపై 48 నెలలు పన్ను మినహాయింపు ఉంటుంది. ఆ తర్వాత అకౌంటెంటును అడిగి తీరాలి. సూపర్‌కు దరఖాస్తు చేసేటప్పుడు ఊరి పింఛను సంగతి తప్పక చెప్పాలి. విదేశీ ప్రభుత్వ పింఛను సూపర్ లాంటిదే అని తేలితే ఆ మేరకు సూపర్‌లో కోస్తారు. ఏది ఆ కోవలోకి వస్తుందో దాని స్వభావం చూసి ఇక్కడి అధికారులు నిర్ణయిస్తారు. దాచిపెడితే తర్వాత అప్పుగా తిరిగి కట్టాలి. 2020 నవంబరు నుంచి భార్య పింఛనును భర్త సూపర్‌లోంచి, భర్తది భార్య సూపర్‌లోంచి కోయడం మాత్రం ఆపేశారు.

చెల్లి ఇంకా తేల్చుకోలేదు. 20 ఏళ్ల నివాసం, 80 శాతం యాన్యుటీ, పిల్లల చదువు అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. వచ్చినా రాకపోయినా ఒక పని ఈ నెల నుంచే చెయ్యమన్నాను: సీపీఎస్ ఖాతా స్టేట్‌మెంట్ తెరిచి, తన 10 శాతంతో పాటు ప్రభుత్వ వాటా నెలనెలా పడుతోందో లేదో చూడమని. ఆఖరి జీతం తనకు పింఛను తేదు. నెలనెలా పడే వాటానే తేవాలి.